అలేసియా కందకాల నుంచి మసాదా కట్ట దాకా: రోమన్ ముట్టడి పనులపై తరచుగా అడిగే ప్రశ్నలు

రోమన్ సైన్యం పేరు చెబితే చాలామందికి డాలు, కత్తి గుర్తొస్తాయి. ఆ సైనికుడి చేతిలో ఎక్కువ రోజులు ఉన్నవి మాత్రం పలుగు, పార, తట్ట. రెండు వేల ఏళ్ల కిందట వాళ్లు తవ్విన కందకాల జాడలు ఫ్రాన్స్ పొలాల్లో, స్పెయిన్ గుట్టల మీద, మృత సముద్రం పక్క ఎడారిలో ఇప్పటికీ దొరుకుతున్నాయి. వాటి గురించి ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. అలేసియాకు ఎక్కువ చోటిచ్చాను. ఎందుకంటే అక్కడ కట్టించిన రోమన్ సేనాపతి జూలియస్ సీజర్ స్వయంగా రాసిపెట్టిన వివరమూ ఉంది, నేలను తవ్వి చూసిన సాక్ష్యమూ ఉంది. రెండూ ఇలా పక్కపక్కన దొరకడం అరుదు.

కొలతల గురించి ఒక మాట. రోమన్ అడుగు సుమారు 29.6 సెంటీమీటర్లు, మన అడుగు కన్నా కాస్త చిన్నది. రోమన్ మైలు దాదాపు 1,480 మీటర్లు. కింద సీజర్ చెప్పినవిగా ఇచ్చిన కొలతలన్నీ ఈ లెక్కలోనివే.

ముట్టడి పనులు అంటే ఏమేం వస్తాయి?

మొదటిది, ఊరి చుట్టూ కందకం, కట్ట, దడి వేసి లోపలివాళ్లను బయటికి రాకుండా, బయటివాళ్లను లోపలికి పోకుండా ఆపడం. రెండోది, గోడ దాకా చేరుకునే పనులు: ఏటవాలు కట్ట పోయడం, సొరంగం తవ్వడం, కప్పున్న పాకలను ముందుకు తోసుకుంటూ పోవడం. మూడోది, రాళ్లు, బాణాలు విసిరే యంత్రాలు, గోడను కుమ్మే దూలాలు. సినిమాలు ఈ మూడోదాన్నే ఎక్కువగా చూపిస్తాయి. యుద్ధాలు చాలావరకు తేలింది మొదటి రెండింటితోనే.

అలేసియా ఎక్కడుంది? అక్కడ ఏం జరిగింది?

ఫ్రాన్స్‌లో బర్గండీ ప్రాంతంలో, దిజోన్ నగరానికి వాయవ్యంగా అలీజ్ సెంత్ రేన్ అనే చిన్న ఊరుంది. దాని పైన ఉన్న మోంత్ ఓక్స్వా అనే బల్లపరుపు కొండే అలేసియా. ఇటు ఓజ్, అటు ఓజ్‌రెన్ అనే రెండు ఏర్లు, చుట్టూ గుట్టలు, పడమటి వైపు మాత్రం మైదానం. అది మాందూబీ అనే గాల్ తెగ వాళ్ల ఊరు. ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతాన్ని అప్పట్లో గాల్ అనేవారు.

క్రీ.పూ. 52లో గాల్ తెగలు చాలావరకు ఏకమై రోమ్ మీద తిరగబడ్డాయి. వాటికి నాయకుడు అర్వెర్నీ తెగకు చెందిన వెర్సింజెటోరిక్స్ అనే యువకుడు. అశ్విక దళం ఓడిపోయాక అతను సైన్యంతో ఈ కొండ మీదికి చేరాడు. లోపల 80,000 మంది యోధులు, 30 రోజుల తిండి ఉన్నాయని సీజర్ రాశాడు.

సీజర్ నేరుగా దాడి చేయకుండా చుట్టూ గోడ ఎందుకు కట్టించాడు?

అదే ఏడాది గెర్గోవియా కొండ మీద దాడికి వెళ్లి దెబ్బతిన్నాడు కాబట్టి. అక్కడ దాదాపు 700 మంది సైనికులు, వాళ్లలో 46 మంది సెంచూరియన్లు (దళ నాయకులు) ఒక్కరోజులో పోయారని తనే ఒప్పుకున్నాడు. అలేసియా కొండ కూడా నిటారుగా ఉంది. లగ్గలెక్కి పట్టుకునే కోట కాదని చూడగానే తెలుస్తుంది. లోపల ఉన్నది లెక్కపెట్టిన తిండి, తన దగ్గర ఉన్నవి పనికి అలవాటుపడ్డ చేతులు. ఆ పరిస్థితిలో ఆకలికి వదిలేయడమే అతనికి తెలివైన పని.

అయితే రెండు గోడలు ఎందుకు?

లోపలి గోడ పని ఇంకా సాగుతుండగానే వెర్సింజెటోరిక్స్ ఒక రాత్రి తన గుర్రపు దళాన్ని మిగిలిన సందుల గుండా బయటికి పంపేశాడు. ఎవరి తెగకు వాళ్లు వెళ్లి ఆయుధం పట్టగల ప్రతివాడినీ తీసుకురండి అని చెప్పి పంపాడు. ఆ సంగతి పారిపోయి వచ్చినవాళ్ల ద్వారా, ఖైదీల ద్వారా సీజర్‌కు తెలిసింది. అంటే కొన్ని వారాల్లో తన వెనక నుంచి మరో సైన్యం రాబోతోంది.

కొండ వైపు చూసే లోపలి వరస 11 మైళ్లు, అంటే సుమారు 16 కిలోమీటర్లు. వెనక్కి తిరిగి బయటి ప్రపంచం వైపు చూసే రెండో వరస 14 మైళ్లు, దాదాపు 21 కిలోమీటర్లు. ఈ రెండింటి మధ్య రోమన్ సైన్యం తనను తాను బంధించుకుంది. సైనికులు మళ్లీ బయటికి పోవాల్సిన పని లేకుండా 30 రోజుల తిండి, మేత ముందే కూడబెట్టుకోమని సీజర్ ఆజ్ఞ. ముట్టడించినవాడు తానే ముట్టడిలో పడ్డాడు. తెలిసే పడ్డాడు.

ఆ వరసల్లో ఏమేం ఉండేవి?

కొండ వైపు నుంచి నడిచివస్తున్న గాల్ యోధుడి కళ్లతో చూస్తే బాగా అర్థమవుతుంది. మొదట 20 అడుగుల వెడల్పు కందకం, దాని పక్కలు నిలువుగా కోసి ఉన్నాయి. పని చేసుకునేవాళ్ల మీద ఉన్నట్టుండి జనం పడకుండా, గట్టుకు చాలా ముందే తవ్విన కందకం ఇది. దాన్ని దాటి వస్తే నేల మామూలుగానే కనిపిస్తుంది. అసలు ప్రమాదం ఆ నేలలోనే ఉంది.

అక్కడ మొదట తగిలేవి స్టిములి. అడుగు పొడవు కర్రకు ఇనప కొక్కెం బిగించి, కర్ర మొత్తం భూమిలో పాతేసి, గేలం లాంటి ముల్లు ఒక్కటే పైకి ఉంచేవారు. లాటిన్‌లో ఆ మాటకు అర్థం ఎద్దును అదిలించే ములుగర్ర. తర్వాత లిలియా, అంటే లిల్లీ పూలు. మూడడుగుల లోతున, కిందికి పోనుపోను సన్నబడే గుంతలు. ఒక్కో గుంతలో తొడంత లావు మొద్దు. దాని మొన చెక్కి, నిప్పులో కాల్చి గట్టిపరిచి, నేల పైకి నాలుగు వేళ్లకు మించి రాకుండా నిలబెట్టేవారు. అడుగున అడుగు మేర మట్టి వేసి కాళ్లతో తొక్కి బిగించేవారు. పైన చెత్తాచెదారం, కొమ్మలు కప్పేవారు. ఇలాంటివి ఎనిమిది వరసలు, తోటలో మొక్కలు నాటినట్టు ఒక వరస సందుకు ఎదురుగా రెండో వరస గుంత.

అవీ దాటితే సిప్పి. ఐదడుగుల లోతు కాలవల్లో చెట్ల బోదెలు పాతి, అడుగున ఒకదానికొకటి కట్టి, చెక్కి మొన తేల్చిన కొమ్మలు పైకి ఉంచేవారు. ఐదు వరసలు, ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి. మన పొలం చుట్టూ వేసే ముళ్లకంపను తలుచుకోండి, పీకినా ఊడిరాని కంప. సిప్పి అంటే హద్దురాళ్లు, సమాధిరాళ్లు అని అర్థం. ఈ పేర్లన్నీ సైనికులు పెట్టుకున్నవేనని సీజర్ రాశాడు.

ఆ తర్వాత 15 అడుగుల కందకాలు రెండు. లోపలి కందకంలోకి పల్లపు చోట్ల ఏటి నీళ్లు మళ్లించారు. వాటి వెనక కట్ట, దడి కలిపి 12 అడుగుల ఎత్తు, పైన పిట్టగోడ. పిట్టగోడా కట్టా కలిసే చోట దుప్పి కొమ్ముల్లా పైకి చీలిన పెద్ద కొమ్మలు పొడుచుకొచ్చి ఉంటాయి. ప్రతి 80 అడుగులకు ఒక చెక్క బురుజు. అక్కడక్కడా మొత్తం 23 చిన్న కోటలు. బయటి వరసకూ ఇదే ఏర్పాటు, ముఖం మాత్రం అటువైపు.

ఇన్ని ఉచ్చులు దేనికి? గోడ చాలదా?

దీనికి సీజర్ చెప్పిన కారణం నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. కలప కోసం, ధాన్యం కోసం మనుషుల్ని దూరం పంపాలి. అదే సమయంలో గోడా కట్టాలి, కాపలా కూడా కాయాలి. ఉన్న సైన్యం మూడు పనులకు చాలడం లేదు. కొండ మీదివాళ్లు ఒకేసారి చాలా దారుల్లోంచి దిగి పని మీద పడుతున్నారు. అందుకే తక్కువమందితో ఎక్కువ పొడవు కాపాడుకునేలా ఈ గుంతలూ ముళ్లూ చేర్చాడు. ఉచ్చు పని చంపడం ఒక్కటే కాదు, పరుగును నడకగా మార్చడం. ఆ కాస్త ఆలస్యంలో బురుజు మీదివాడు గురి చూసుకుంటాడు, వెనక ఉన్న దళం సాయం వస్తుంది.

కొన్ని వారాల్లో అంత పని నిజంగా సాధ్యమా?

కాగితం మీద లెక్క వేసి చూద్దాం. 15 అడుగుల వెడల్పు, అంతే లోతు ఉండి, కిందికి పోనుపోను V ఆకారంలో సన్నబడే కందకం అడ్డుకోత సుమారు 10 చదరపు మీటర్లు. 16 కిలోమీటర్ల పొడవుకు 1,60,000 క్యూబిక్ మీటర్ల మట్టి. ఒక మనిషి రోజుకు 2 క్యూబిక్ మీటర్లు తవ్వి పోస్తాడనుకుంటే 80,000 పనిదినాలు. ఇరవై వేల మంది దిగితే నాలుగు రోజులు. ఇది నా అంచనా మాత్రమే. రాయి తగిలితే పని నెమ్మదిస్తుంది, వాన పడితే ఇంకా నెమ్మదిస్తుంది. అయినా అసాధ్యం కాదని మాత్రం తేలుతుంది. తవ్విన మట్టినే లోపలివైపు పోస్తే కట్ట కూడా అదే పనిలో లేస్తుంది.

నిజానికి కష్టమైనది కలప. ప్రతి 80 అడుగులకు ఒక బురుజు చొప్పున లెక్కేస్తే లోపలి వరసకే 680కి పైగా బురుజులు, బయటి వరసకు ఇంకో 870. ఒక్కోదానికి నాలుగు స్తంభాలు, పలకలు, పైగా దడికి, సిప్పికి, లిలియాకు మొద్దులు. చుట్టుపక్కల అడవి ఎంత దూరం బోడిగా మారిందో ఊహించుకోవచ్చు.

సీజర్ చెప్పినవన్నీ నమ్మొచ్చా?

కొలతల విషయంలో చాలావరకు నమ్మొచ్చు, మనుషుల లెక్కల్లో జాగ్రత్త. సాయం వచ్చిన గాల్ సైన్యం దాదాపు 2,50,000 కాలిబలం, 8,000 గుర్రాలు అని రాశాడు. అంతమందికి తిండి ఎలా అందింది అన్న ప్రశ్న దగ్గరే చరిత్రకారులు చాలామంది ఆగిపోతారు. గెలిచినవాడు తన గెలుపు గురించి రోమ్‌లోని జనం కోసం రాసుకున్న వృత్తాంతం అది. అది మరిచిపోకూడదు.

నేల మీది సాక్ష్యం మాత్రం గట్టిది. మూడో నెపోలియన్ చక్రవర్తి ఆదేశంతో 1861 నుంచి 1865 దాకా అక్కడ తవ్వకాలు జరిగాయి. తర్వాత 1991 నుంచి 1997 వరకు ఫ్రెంచ్, జర్మన్ పురావస్తు బృందాలు మిషెల్ రెద్దే, సీగ్మార్ ఫాన్ ష్నూర్బైన్ నాయకత్వంలో ఆధునిక పద్ధతుల్లో మళ్లీ తవ్వాయి. కందకాలు, బురుజుల స్తంభాల గుంతలు, ఉచ్చుల వరసలు, ఇనప కొక్కేలు బయటపడ్డాయి. సీజర్ సహాయకుడు లాబియెనుస్ పేరు అచ్చువేసిన ఒడిసెల సీసపు గుండు కూడా దొరికింది. అయితే పుస్తకంలో ఉన్నంత తీరుగా అన్ని చోట్లా లేదు. కందకాల వెడల్పు, బురుజుల మధ్య దూరం, ఉచ్చుల వరసల సంఖ్య నేలను బట్టి, చోటును బట్టి మారాయి. పని తెలిసిన మేస్త్రీలు ఎవరైనా అలాగే చేస్తారు కాబట్టి, ఈ తేడాలు చూశాక ఆ వృత్తాంతం మీద నా నమ్మకం పెరిగింది.

పూడిపోయిన కందకాన్ని ఎలా గుర్తుపడతారు?

కందకం పూడినా ఆ మట్టి చుట్టుపక్కల గట్టినేలలా ఉండదు. వదులుగా ఉంటుంది, తేమ ఎక్కువ పట్టి ఉంచుతుంది. ఎండలు ముదిరినప్పుడు చుట్టూ ఉన్న పైరు పసుపుబారి వాడినా, కందకం మీది పైరు ఇంకా ఆకుపచ్చగా, కాస్త ఎత్తుగా కనిపిస్తుంది. విమానంలోంచి ఫొటో తీస్తే పొలం మీద గీతలు గీసినట్టు తెలుస్తుంది. అలేసియా వరసలు చాలా భాగం ఇలా గాలిలోంచి తీసిన ఫొటోల్లోనే మళ్లీ కనబడ్డాయి.

రెండు పక్షాల మధ్య ఊరివాళ్ల గతి ఏమైంది?

ఈ కథలో ఇది రాయకుండా ఉండలేను. తిండి అయిపోయింది, సాయం రాలేదు. అప్పుడు అలేసియాలో జరిగిన సభలో క్రిటోగ్నాతుస్ అనే పెద్దమనిషి, యుద్ధానికి పనికిరానివాళ్ల మాంసం తిని అయినా నిలబడదామన్నాడని సీజర్ రాశాడు. అంతదాకా పోకముందు ముసలివాళ్లను, ఆడవాళ్లను, పిల్లలను ఊరి నుంచి పంపేయాలని తేల్చారు. మాందూబీలు, అంటే ఆ ఊరి సొంతదారులు, తాము ఆశ్రయమిచ్చిన సైన్యం చేతనే బయటికి నెట్టబడ్డారు.

వాళ్లు రోమన్ కట్ట దగ్గరికి వచ్చి, బానిసలుగానైనా తీసుకోండి, తిండి పెట్టండి అని ఏడ్చి వేడుకున్నారు. సీజర్ కట్ట మీద కాపలా పెట్టి లోపలికి రానివ్వలేదు. ఆ తర్వాత వాళ్ల గురించి అతని వృత్తాంతంలో ఒక్క వాక్యం కూడా లేదు. కొండకూ కందకానికీ మధ్య ఉన్న ఆ నేలలోనే వాళ్లు మిగిలిపోయారు. గోడల కొలతలు ఎంత మెచ్చుకున్నా, ఆ గోడ ఏం పని చేసిందో తెలియాలంటే వీళ్లను చూడాలి.

చివరికి ఆ వరసలు నిలిచాయా?

నిలిచాయి, కానీ తృటిలో. సాయం వచ్చిన సైన్యం మూడుసార్లు ప్రయత్నించింది. మొదట మైదానంలో గుర్రాల యుద్ధం జరిగింది. తర్వాత అర్ధరాత్రి తడికలు, నిచ్చెనలు, కొక్కేలు పట్టుకుని వచ్చారు. చీకట్లో చాలామంది ముళ్ల మీద, గుంతల్లో పడ్డారు. ఆ రాత్రి ఆ భాగం కాపాడినవాళ్లలో మార్క్ ఆంటోనీ ఒకడు.

మూడోసారి బలహీనమైన చోటు పట్టుకున్నారు. ఉత్తరాన ఉన్న ఒక గుట్ట మరీ పెద్దది కావడంతో రోమన్లు దాన్ని వరసలో కలుపుకోలేక, వాలు మీదే శిబిరం వేశారు. గాల్ నాయకుడు వెర్కాసివెల్లౌనుస్ 60,000 మందితో పై నుంచి దాని మీద పడ్డాడు. గాల్ సైనికులు మట్టి పోసి ఉచ్చుల్ని కప్పేశారు. లోపలి నుంచి వెర్సింజెటోరిక్స్ కూడా దిగాడు. లాబియెనుస్ ఆరు కోహోర్టులతో (రోమన్ దళాలతో) పోయినా సరిపోలేదు. చివరికి సీజర్ స్వయంగా వచ్చాడు, గుర్రపు దళాన్ని బయటి నుంచి తిప్పి శత్రువు వెనక్కి పంపాడు. ఆ దెబ్బతో సాయం సైన్యం చెదిరిపోయింది.

మర్నాడు వెర్సింజెటోరిక్స్ లొంగిపోయాడు. అతన్ని ఆరేళ్లు చెరలో ఉంచి, క్రీ.పూ. 46లో రోమ్‌లో విజయోత్సవ ఊరేగింపులో నడిపించి చంపేశారు. ఖైదీలను సైనికులకు తలా ఒకరి చొప్పున పంచారు.

ఊరంతా చుట్టేసే ఈ పద్ధతి సీజర్ కనిపెట్టిందేనా?

కాదు. గ్రీకులు క్రీ.పూ. 5వ శతాబ్దంలోనే ప్లతాయా ఊరి చుట్టూ రెండు గోడలు కట్టారు. రోమన్లలో సీజర్‌కు ముందు పెద్ద ఉదాహరణ నుమాంతియా, ఇప్పటి స్పెయిన్‌లో సోరియా దగ్గర. ఏళ్ల తరబడి రోమన్ సేనాపతుల్ని ఓడించిన ఆ చిన్న ఊరి మీదికి క్రీ.పూ. 134లో స్కిపియో ఎమిలియానుస్ వచ్చాడు. ముందు తన సైన్యాన్నే బాగుచేశాడు. శిబిరం నుంచి వ్యాపారుల్ని, వేశ్యల్ని, జోస్యగాళ్లను వెళ్లగొట్టాడు. రోజూ కందకం తవ్వించి పూడ్పించాడు, గోడ కట్టించి కూల్పించాడు. తర్వాత ఊరి చుట్టూ ఏడు శిబిరాలను కలుపుతూ గోడ కట్టాడు. డ్యూరో నది గుండా ఈతగాళ్లు, పడవలు తిండి చేరవేస్తుంటే, కత్తులు, ఈటె మొనలు గుచ్చిన దూలాలను తాళ్లతో కట్టి నీళ్లలో వదిలాడు. ప్రవాహానికి అవి తిరుగుతూనే ఉండేవి. క్రీ.పూ. 133లో నుమాంతియా ఆకలితో పడిపోయింది. యుద్ధానికి రమ్మని వాళ్లు ఎన్నిసార్లు పిలిచినా స్కిపియో వెళ్లలేదు.

ఇంజనీర్లు వేరే ఉండేవాళ్లా, సైనికులే చేసేవాళ్లా?

తవ్వింది సైనికులే. నడక మధ్యలో ఒక్క రాత్రి ఆగినా కందకం తవ్వి, కట్ట పోసి, వెంట తెచ్చుకున్న మొనదేలిన కర్రలు నాటి, అప్పుడే డేరాలు వేయడం వాళ్ల అలవాటు. ఏళ్ల తరబడి ప్రతి సాయంత్రం చేసిన పని కాబట్టే అలేసియా లాంటి చోట ఎవరికీ కొత్తగా నేర్పాల్సిన అవసరం రాలేదు.

నిపుణులు కూడా ఉండేవారు. నేల కొలిచేవాళ్లు, వడ్రంగులు, కమ్మరులు, యంత్రాలు బాగుచేసేవాళ్లకు మామూలు కూలిపని నుంచి మినహాయింపు ఉండేది. సీజర్ దగ్గర ఇంజనీరింగ్ అధికారిగా మామురా అనే అతను పనిచేశాడు. వాస్తుశాస్త్రం మీద పది భాగాల గ్రంథం రాసిన విట్రూవియస్ కూడా సైన్యంలో రాళ్లు విసిరే యంత్రాల పని చూసినవాడే.

పనిముట్లలో పేరున్నది డొలాబ్రా. ఒకవైపు గొడ్డలి, ఇంకోవైపు పలుగు. శత్రువును గెలవాల్సింది డొలాబ్రాతోనే అని సేనాపతి కోర్బులో అనేవాడట. గ్రోమా అనే కర్రకు అడ్డంగా నాలుగు చేతులు, ఒక్కో చేతికి వేలాడే తాడు, బరువు ఉంటాయి. తిన్నని గీతలు, లంబకోణాలు దానితోనే తీసేవారు.

కట్ట పోసి గోడ ఎక్కడం ఎలా? ఎంత ఎత్తు పోసేవారు?

అలేసియాకు కొన్ని నెలల ముందు అవారికుమ్ దగ్గర, అంటే ఇప్పటి బూర్జ్ నగరంలో, చలిలో, వానలో 25 రోజుల్లో 330 అడుగుల వెడల్పు, 80 అడుగుల ఎత్తు కట్ట పోశారని సీజర్ రాశాడు. మట్టి, రాళ్లు, దుంగలు కలిపి పోస్తూ గోడ పైభాగానికి చేరుకుంటారు. పోసేవాళ్ల మీద పచ్చి తోళ్లు కప్పిన పాకలు కాపుగా ఉంటాయి. పచ్చి తోలు త్వరగా అంటుకోదు.

అక్కడి గాల్ వాళ్లు ఇనప గనుల్లో పనిచేసిన అనుభవంతో కట్ట కిందికి సొరంగం తవ్వి నిప్పు పెట్టారు. ఆ రాత్రి కోట ద్వారం ముందు ఒకతను కొవ్వు, తారు ముద్దలు అందుకుని మంటలోకి విసురుతున్నాడు. స్కార్పియో అనే రోమన్ యంత్రం వేసిన బాణం తగిలి పడిపోయాడు. పక్కవాడు అతని మీదుగా అడుగేసి అదే పని అందుకున్నాడు. అతనూ పడ్డాడు. మూడోవాడు వచ్చాడు, తర్వాత నాలుగోవాడు. మంట ఆరి, పోరు ముగిసేదాకా ఆ చోటు ఖాళీ కాలేదు. తన కళ్లారా చూసిన సంగతి, వదిలేయలేనని సీజర్ రాశాడు. ఊరు పడ్డాక లోపలున్న దాదాపు 40,000 మందిలో 800 మంది మాత్రమే బతికి బయటపడ్డారని రాసింది కూడా అతనే.

మసాదా కట్ట మొత్తం రోమన్లు పోసిందేనా? ముట్టడి ఎన్నేళ్లు పట్టింది?

రెండు విషయాల్లోనూ పాత అభిప్రాయం మారింది. మసాదా మృత సముద్రం ఒడ్డున ఒంటరిగా నిలబడ్డ కొండ. క్రీ.శ. 73 లేదా 74లో పదో లీజియన్‌తో (లీజియన్ అంటే రోమన్ సైన్యంలో పెద్ద విభాగం) సేనాపతి ఫ్లావియస్ సిల్వా దాన్ని ముట్టడించాడు. చుట్టూ రాతి గోడ, ఎనిమిది శిబిరాలు. పడమటి వైపు కట్ట. ఆ కట్ట అడుగున చాలా భాగం సహజంగా ఉన్న రాతి వెన్నే. రోమన్లు దాని మీద రాళ్లు, మట్టి, కట్టెలు పోసి కావలసిన ఎత్తుకు తెచ్చారు. కొండ మొత్తాన్ని ఎక్కడ ఎక్కాలో చూసి ఆ వెన్నును ఎంచుకోవడమే అక్కడి అసలు ఇంజనీరింగ్.

ముట్టడి రెండు మూడేళ్లు సాగిందన్న మాట చాలాకాలం ప్రచారంలో ఉంది. 2024లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు డ్రోన్లతో గోడల్ని త్రీడీలో కొలిచి, ఆ చుట్టుగోడ, శిబిరాలు రెండు వారాల్లో పూర్తయి ఉండొచ్చనీ, ముట్టడి మొత్తం కొన్ని వారాల్లోనే ముగిసి ఉండొచ్చనీ చెప్పారు. లోపలున్న యూదుల్లో 960 మంది చనిపోయారనీ, ఇద్దరు ఆడవాళ్లు, ఐదుగురు పిల్లలు బతికారనీ ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు.

యంత్రాలకు జంతువుల పేర్లు ఎందుకు?

చూడగానే సైనికులకు అలా అనిపించింది కాబట్టి. గోడను కుమ్మే దూలం పొట్టేలు. దాని ఇనప తొడుగుకు కొన్నిసార్లు పొట్టేలు తల ఆకారం చేసేవారు. బాణాలు వేసే చిన్న యంత్రం స్కార్పియో, అంటే తేలు. చివరి శతాబ్దాల్లో ఒంటి చేతితో రాయి విసిరే యంత్రం ఓనగర్, అంటే అడవి గాడిద. డాళ్లు తలల మీద, పక్కల కప్పుకుని నడిచే దళం తాబేలు. రాళ్లు విసిరే బాలిస్టా, బాణాలు వేసే స్కార్పియో రెండింటికీ బలం విల్లులా వంగే కర్ర నుంచి రాదు. జంతువుల నరాలు లేదా వెంట్రుకలతో పేనిన లావు తాళ్లను మెలిపెడితే వచ్చే శక్తి అది.

సినిమాల్లో చూపే మండే బంతులు నిజమేనా?

నిప్పు వాడేవారు, ముఖ్యంగా కలపతో చేసిన పనుల మీద. ఎక్కువగా విసిరింది మాత్రం మామూలు రాళ్లు. క్రీ.శ. 70లో జెరూసలేం ముట్టడిలో తెల్లరాయి దూరం నుంచే కనిపించడంతో గోడ మీది కాపలాదార్లు అరిచి అందరినీ పడుకోబెట్టేవారు. అది గమనించి రోమన్లు రాళ్లకు నల్లరంగు పూశారు.

పొట్టేలు గోడను తాకితే ఇక లొంగుబాటు ఉండదా?

అలాంటి నియమం ఒకటి ఉండేది. క్రీ.పూ. 57లో అదువాటుచీ అనే తెగ, దూరంగా బురుజు కడుతున్న రోమన్లను చూసి, అంత పొట్టివాళ్లు అంత బరువును ఎలా తెస్తారని గోడ మీంచి నవ్వారు. అది చక్రాల మీద కదిలి వస్తుంటే భయపడి రాయబారం పంపారు. పొట్టేలు గోడను తాకకముందే లొంగితే ఊరిని కాపాడతానని సీజర్ అన్నాడు. లొంగారు. కానీ కొన్ని ఆయుధాలు దాచి రాత్రి దాడి చేశారు. మర్నాడు 53,000 మందిని బానిసలుగా అమ్మేశారు.

లోపలివాళ్లు ఎలా ఎదుర్కొనేవారు?

యూదుల ఊరు జోతపాతా ముట్టడి, క్రీ.శ. 67, దీనికి మంచి ఉదాహరణ. ఆ ఊరిని కాపాడిన నాయకుడు జోసెఫసే తర్వాత చరిత్రకారుడై దాన్ని రాశాడు. రోమన్ సేనాపతి వెస్పాసియన్ 160 యంత్రాలు మోహరించాడు. కట్ట ఎత్తు పెరుగుతుంటే లోపలివాళ్లు పచ్చి ఎద్దుతోళ్లు అడ్డంగా కట్టుకుని, వాటి చాటున గోడ ఎత్తు పెంచారు. పొట్టేలు కుమ్మే చోట పొట్టు నింపిన బస్తాలు వేలాడదీశారు, దెబ్బ మెత్తబడేది. రోమన్లు పొడవాటి కర్రలకు కొడవళ్లు కట్టి ఆ తాళ్లు కోశారు. నీళ్ల కరువు బయటపడకుండా లోపలివాళ్లు తడిబట్టలు గోడ మీద ఆరేసి నీళ్లు కార్చారు. రోమన్లు వంతెన పలకలు వేసుకుని ఎక్కుతుంటే, ఉడకబెట్టిన మెంతులు పలకల మీద పోశారు. మెంతుల జిగురు వంటింట్లో చూసినవాళ్లకు ఆ పలకల మీద కాలు ఎలా జారిందో చెప్పక్కర్లేదు. 47వ రోజున ఊరు పడిపోయింది.

రోమన్లు లోపల ఉండి కాపాడుకున్న సందర్భాలు?

సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున ఉన్న దురా యురోపోస్. క్రీ.శ. 256 ప్రాంతంలో ససానియన్ పర్షియన్లు ముట్టడించారు. గోడ బలం కోసం రోమన్లు లోపలి వైపు వీధినీ, గోడను ఆనుకున్న ఇళ్లనూ మట్టితో నింపి పెద్ద కట్ట పోశారు. ఊరు పడిపోయి పాడుబడింది. కానీ ఆ మట్టి కింద యూదుల ప్రార్థనా మందిరం, తొలినాటి క్రైస్తవుల ప్రార్థన ఇల్లు, వాటి గోడల మీది రంగుల చిత్రాలు భద్రంగా ఉండిపోయాయి.

అక్కడే 19వ నంబరు బురుజు కింద పర్షియన్ల సొరంగం, దాన్ని అడ్డుకోవడానికి రోమన్లు తవ్విన సొరంగం ఎదురుపడ్డాయి. లోపల సుమారు 20 మంది అస్థిపంజరాలు గుట్టగా దొరికాయి. గంధకం, తారు మండించిన పొగతో పర్షియన్లు వాళ్లను ఊపిరాడకుండా చంపారని పురావస్తు శాస్త్రవేత్త సైమన్ జేమ్స్ 2009లో వాదించాడు. నాకు ఆ వాదన నమ్మదగ్గదిగానే అనిపిస్తుంది.

ఈ పదాలను తెలుగులో ఏమనాలి?

కొత్తగా పుట్టించాల్సిన పని చాలావరకు లేదు. కందకం, కట్ట, దడి, తడిక, పిట్టగోడ, బురుజు, ఒడిసెల, ములుగర్ర అన్నీ మనకున్న మాటలే. ఒక్క జాగ్రత్త. మన కోటల చుట్టూ ఉండే అగడ్త కోటను కాపాడేది. అలేసియాలో రోమన్లు తవ్వింది కోటలోవాళ్లను ఆపే కందకం. అందుకే ఇక్కడ అగడ్త అన్న మాట వాడలేదు. మట్టి కట్టంటే బలహీనమనుకునేవాళ్లు ఒకసారి ఓరుగల్లు మట్టికోట చూస్తే మంచిది.

ఇప్పుడు వెళ్లి చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

అలీజ్ సెంత్ రేన్‌లో 2012లో తెరిచిన మ్యూజియం ఉంది. దాని పక్కనే రోమన్ కందకాలు, దడి, బురుజులు కొంత మేర అసలు పరిమాణంలో కట్టి చూపించారు. కొండ మీద 1865లో నిలిపిన వెర్సింజెటోరిక్స్ విగ్రహం ఉంది. నుమాంతియా సోరియా పక్కన గర్రాయ్ ఊరి దగ్గర ఉంది.

ఒక్కచోటికే వెళ్లగలిగితే మసాదాకు వెళ్లండి. తూర్పు వైపు నుంచి కేబుల్ కారు ఉంది. అయితే పడమటి వైపు నుంచి వెళ్తే రోమన్ కట్ట మీదుగానే పైకి నడిచే దారి ఉంటుంది. ఎక్కేటప్పుడు పక్కలకు చూస్తూ నడవండి. ఎండకు ఎండి, మట్టిలోంచి పొడుచుకొచ్చిన కట్టె ముక్కలు కనిపిస్తాయి. పదో లీజియన్ కట్ట జారిపోకుండా మధ్యలో పరిచిన కలపే అది.